ఆగితే ఏం గాదు

సెప్టెంబర్ 16, 2011
తెలంగాణ కోసం సమ్మె. హాస్టల్ మెస్ మూసేశారు. ల్యాబ్‌లో నా లివర్ క్యాన్సర్ సెల్స్‌ని లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి సిద్దిపేట వచ్చేశాను.

సెప్టెంబర్ 18, సాయంత్రం
పెద్దబాపు రమ్మన్నాడు. బాపు పోయాక మా ఇంటి పెత్తనం ఆయనదే. ఊళ్లో రాజనర్సు సార్ అంటే లేచి నిలబడతారు. హెడ్మాస్టర్. ఇప్పుడు పాత బస్టాండ్ దగ్గర సమ్మె టెంట్‌లో ముందు వరుస. నన్ను పీహెచ్‌డీకి పంపుతానన్నందుకు అమ్మను కొట్టింది కూడా ఆయనే. ఒక్క దెబ్బ. అమ్మకి ఎడమ చెవి పోయింది.

స్వరాజ్యం పెద్దమ్మ రిపోర్టులు నా ముందు పెట్టింది. లివర్‌లో నాలుగు సెంటీమీటర్ల ట్యూమర్. రక్తనాళాల్లోకి ఇంకా పోలేదు. పది రోజుల్లో ఆపరేషన్ చేసి తీసేద్దామని హైదరాబాద్ డాక్టర్ అన్నాడట. ఈయన పోనంటున్నాడు. అందరూ జీతాలు వదులుకొని ఎండలో కూర్చుంటే తను కారెక్కి పోయి దవాఖానలో పడుకోవాలా అని. చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వు సదివేది గిదే గద. సమ్మె అయ్యేదాంక ఆగచ్చా?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను ఒక మాట అడగడం ఇదే మొదలు.

"ఆగచ్చు పెద్దబాపూ. ఏం గాదు."

సెప్టెంబర్ 19, ఉదయం
నాకు తెలిసింది ఇక్కడైనా రాయాలి. లివర్ సెల్ పక్క సెల్స్‌ని గట్టిగా పట్టుకొని ఉంటుంది. టీజీఎఫ్-బీటా అనే సిగ్నల్ దాని పైనున్న రిసెప్టర్‌కి తగిలితే ఆ కబురు న్యూక్లియస్ దాకా పోతుంది. పట్టి ఉంచే ప్రోటీన్ తయారవడం ఆగిపోతుంది. సెల్ సాగుతుంది, పక్కవాటిని వదిలేస్తుంది, అడ్డమొచ్చిన పొరని కరిగించుకుంటూ కదులుతుంది. ల్యాబ్‌లో జెల్ పొర మీద వేస్తే ఒక్క రోజులో కిందికి దిగుతాయి. నాలుగేళ్లుగా మైక్రోస్కోప్ కింద చూస్తున్నది అదే. మొదట్లో క్యాన్సర్‌ని పెరగకుండా ఆపేదీ ఈ సిగ్నలే. ఎప్పుడు ఎదురు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే ఆగకూడదు.

సెప్టెంబర్ 25
చెప్పలేదు.

అక్టోబర్ 2
టెంట్‌కి అన్నం డబ్బా తీసుకెళ్లాను. పెద్దబాపు మైకులో నన్ను చూపించి, మా భువన క్యాన్సర్ మీద రీసెర్చ్ చేస్తోందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నాకు బాగుంది. బాగుందని రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 9
అంబులెన్సుల్ని ఎవరూ ఆపడం లేదు. పెద్దమ్మ ఒకటి మాట్లాడి పెట్టింది. నేను ఒక్క మాటంటే ఆయన కదులుతాడని బతిమాలింది. అమ్మ కూడా అదే అంది, జల్ది పొమ్మని చెప్పమని. సరే అని సాయంత్రం బయల్దేరాను.

వెళ్లేసరికి మా అమ్మ ముందే వచ్చి వాళ్లింట్లో చాయ్ పోస్తోంది. ఆయన కావాలని ఎడమ పక్క నుంచి పిలుస్తున్నాడు. ఆమె పలకకపోతే పక్కన కూర్చున్న వాళ్లకి చూపించి నవ్వుతున్నాడు. మూడు సార్లు పిలిచాడు.

గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

అక్టోబర్ 25
నిన్న సమ్మె ఆగింది. ఇవాళ కారులో హైదరాబాద్. నేనూ వెళ్లాను. స్కాన్ తీశారు.

అక్టోబర్ 27
ట్యూమర్ లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ వీన్‌లోకి పాకింది. ఆపరేషన్ లేదు. సిగ్నల్స్‌ని అడ్డుకునే ట్యాబ్లెట్ రాశారు, కొన్ని నెలల ఆయుష్షు కోసం. ఈ పాకడం అప్పటికే మొదలై ఉండొచ్చు, ఎవరమూ చెప్పలేం అన్నాడు డాక్టర్. పెద్దమ్మ ఆ మాట పట్టుకొని ఏడ్చింది. నేనూ దాన్నే పట్టుకుందామని చూశాను. నిలవలేదు. సెల్స్ ఏం చేశాయో నాకు తెలియదు. నేనేం చేశానో తెలుసు.

నవంబర్ 20
పొట్టలో నీరు. కళ్లు పచ్చగా. అమ్మ రోజూ జొన్న గటక కలిపి తీసుకెళ్లి తినిపిస్తోంది. ఎందుకమ్మా అన్నాను. ఆకలైన మనిషికి పెట్టనా అంది.

డిసెంబర్ 4, మధ్యాహ్నం
గదిలో పెద్దబాపూ నేనూ ఇద్దరమే ఉన్నాం.

"ఆగచ్చన్నవు. ఆగద్దని అప్పుడు నీకెరుకేనా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"ఎరుకే."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిడతాడనుకున్నాను. అరిచి అందరినీ పిలుస్తాడనుకున్నాను.

డిసెంబర్ 5
అమ్మ పెడితే నోరు తెరవలేదట. పెద్దమ్మ పెట్టినా అంతే. భువనను పిలువున్రి, అది పెడితేనే తింట అన్నాడు.

డిసెంబర్ 22
గైడ్ ఫోన్. హాస్టల్ తెరిచి చాలా రోజులైంది, రాకపోతే ఫెలోషిప్ పోతుందన్నారు. రాలేను సార్ అన్నాను.

రోజుకి మూడు పూటలు. ట్యాబ్లెట్, అన్నం, నీళ్లు, మూతి తుడవడం, అన్నీ నేనే. తింటున్నంత సేపూ నా ముఖం మీంచి చూపు తీయడు. నేను ఒప్పుకున్నది ఆయన ఎవరికీ చెప్పలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు సొంత బిడ్డైనా ఇంత చెయ్యదు అంటున్నారు. ఆయన తలూపుతున్నాడు.

జనవరి 19, 2012. ఉదయం తొమ్మిది
పోయాడు. నేను పెట్టిన ముద్ద మింగలేదు. నోట్లో వేలు పెట్టి నేనే తీశాను.