జనుము గోడకు సిమెంటు పూయించిన సంగతి

ఇళ్ల తనిఖీ చేయు ఇంజనీరు గారి సముఖమునకు,
వాకాడు మండలం, పట్టపుపాలెం కాపురస్తుడు, గుల్ల సున్నం కాల్చి అమ్ముకొను పోలేరయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమరు చెడగొట్టిన గోడను కూల్చమని తమరే ఇచ్చిన నోటీసును రద్దు పరచుట గురించి.

1. నా ఇంటి సదరు గోడలను జనుము కాడల ముక్కలు, గుల్ల సున్నం, నీళ్లు కలిపి, చెక్కల మధ్య పొరలు పొరలుగా దట్టించి నిరుడు మాఘంలో కట్టుకొన్నాను. వేరే దేశాల్లో గంజాయి జాతి నారమొక్క బెండుతో ఇట్లే కడతారని నెల్లూరులో ఇళ్లు కట్టే శిక్షణలో చూపించినారు. ఆ బెండు మాకెక్కడిది? పొలంలో పచ్చిరొట్ట ఎరువుకు చల్లే జనుమునే ముదరనిచ్చి వాడినాను. రెండు నెలలు ఆరిన తర్వాతనే పైన సున్నం పూసినాను.

2. సదరు గోడ తేలిక. ఎండ వేడిని లోపలికి రానీయదు. గాలిలోని చెమ్మను పీల్చుకొని మళ్లీ వదులుతుంది. సున్నం ఉన్నందున చెద పట్టదు, నిప్పు త్వరగా అంటదు. నా భార్య నాగులమ్మకు ఆయాసం. రేకుల షెడ్డులో పదకొండేళ్లు కునుకు లేక వేగిన మనిషి, రోహిణి ఎండల్లో ఈ ఇంట్లో మధ్యాహ్నం పడుకొని పొద్దుగూకే దాకా లేవలేదు. నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినాను. ఇట్లాంటివి రాసుకొనుటకు తమ రిజిస్టరులో గడి ఉండదని తెలుసు.

3. తమ సహాయ ఇంజనీరు హరినాథ్ గారు ఆగస్టులో వచ్చి, గోడ ముక్కను బూటు కింద నలిపి, బలం లేదని రాసినారు. కప్పును మోసేవి తాటి నిట్రాళ్లు గాని గోడ కాదని చెప్పుకొంటిని. బరువు మోయలేదని దుప్పటిని ఎవరైనా చించుతారా? వారు వినలేదు. లోపలా బయటా సిమెంటు పూస్తేనే ఇల్లు పాసు అన్నారు.

4. ఇక్కడ నా తప్పు కలదు. సున్నం కాల్చే ఇంట పుట్టి, ఇట్లాంటి గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదని తెలిసీ పూసినాను. ఆఫీసరు చెప్పినాడు గదా అని పూసినాను. నాగులమ్మ నా చేతిలో తాపీ లాక్కొని, "వద్దు మామా. నాకు మాదిరే దీనికీ ఊపిరాడదు" అనింది. ఆమె మాట కాదని తమ మాట విన్నాను. నా బుద్ధి గడ్డి తినింది.

5. కార్తీకం వానలకు చూరు నుంచి దిగిన నీళ్లు సిమెంటు వెనక చిక్కుకొని, జనుము కుళ్లి, గోడ నల్లబడింది. ఇంటినిండా బూజు వాసన. ఆయాసం తిరగబెట్టింది. ఇప్పుడు అదే హరినాథ్ గారు జేబురుమాలు అడ్డం పెట్టుకొని వచ్చి, 'పదార్థ లోపం' అని రాసి, శుక్రవారం లోపల కూల్చమన్నారు. సిగ్గుండాలి.

కావున సిమెంటు ఊడదీసి, కుళ్లిన భాగం తీసి కొత్తగా దట్టించి, ఆరనిచ్చి సున్నం పూసుకొనుటకు మూడు నెలల గడువు ఇవ్వవలెను. పై సంగతులు తమరే చిత్తగించవలెను; హరినాథ్ గారికి పంపి చిత్తగింపజేయరాదు.

గోడ నిలిచినంత వరకు తమ విధేయుడు,
పోలేరయ్య

తా.క. గడువు కోసం ఆగకుండా సిమెంటు ఊడదీయడం నిన్ననే మొదలుపెట్టినాము. నాగులమ్మ తూర్పు గోడకు వీపు ఆనించి కూర్చున్నది. లేవమంటే, "లేవను పో. కూల్చేటోళ్లు వచ్చి నన్నడగనీ" అనింది. శుక్రవారం జేసీబీతో బాటు తమరు కూడా రండి. లేవమని ఆమెకు తమరే చెప్పాలి. నేను చెప్పను.