నువ్వు చూడాల్సిన గోల్

బావా,

నిన్ను పెట్టెలో కడపకు పంపి ఏడాది కావస్తోంది. నువ్వు ఎదురుచూసిన గోల్ ఈ వారమే పడింది. ఐస్ హాకీలో ఇప్పుడు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది నీకిష్టమైన ఆ ఆటగాడే. మేడం ఇంట్లో టీవీలో చెప్తుంటే, కడుగుతున్న గిన్నె పట్టుకుని నిలబడి విన్నాను.

మస్కట్ ఎండకు రోడ్డు కాలిపోతుంటే నువ్వు చంకలో స్వెటర్ పెట్టుకుని ఐస్ హాకీ ఆడే హాల్లో డ్యూటీకి వెళ్ళేవాడివి. ఆట మధ్యలో మిషన్ నడిపి ఐసు చదును చేయడం నీ పని. శుక్రవారం నాకు సెలవు దొరికితే చాలు, వచ్చి ఒక ఆట చూడమని పిలిచేవాడివి.

"అంతమంది మగోళ్ళల్లో నేనేం కూచ్చుంటా బావా, నాకు సిగ్గు."

"ఐసు మీద జారేది వాళ్ళు, నువ్వు కాదులేమే. బెంచీ మీద కూచ్చుంటే చాలు."

"నీకిష్టమైన ఆయప్ప రికార్డు కొట్టిన రోజు వస్తాలే" అని తప్పించుకున్నాను. ఆ రోజుకు నువ్వు ఉంటావనే అనుకున్నాను.

ఈ శుక్రవారం వెళ్ళాను. నీ స్వెటర్ వేసుకున్నాను, దాని చేతులు నా వేళ్ళు దాటిపోయాయి. పెద్ద తెర మీద ఆ గోల్ మళ్ళీ మళ్ళీ వేశారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత నీ రూమ్‌లో ఉండే నర్సింలు అన్న నీ మిషన్ నడుపుకుంటూ వచ్చి, ఐసు మీద బూట్లు గీసిన గీతలన్నీ చెరిపేశాడు.

రెండు గంటలు కూర్చున్నాను బావా. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు.