రెండు ఇంజెక్షన్లు, ఒక్క అన్న

మాచర్ల, 1987 మే, మంగళవారం

క్వారీలో నేను పలుగు ముందే వదిలేయడంతో నాపరాయి పడి అన్న కాలు నలిగింది. నిన్న ఆస్పత్రిలో నొప్పికి మార్ఫిన్ ఇంజెక్షన్ ఇస్తే, "నీ తప్పేం లేదురా, చానా హాయిగా ఉంది" అని నవ్వాడు. ఆస్పత్రిలో ఆ మందు అయిపోయిందని ఈరోజు పెంటాజోసిన్ అనే వేరే ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది గానీ, నన్ను చూసి వణికిపోతూ, "వీణ్ణి బయటికి పంపండి, చంపుతాడు" అని అరిచాడు.

మందు ఎందుకు మార్చావని కాంపౌండర్ మీద మండిపడ్డాను. "ఏందిరా నీ గోల? నొప్పి తగ్గిందిగా!" అంటూ తన ఇంగ్లీషు మందుల పుస్తకం నా మీదికి విసిరాడు. డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఈ మందులు మెదడులో పట్టుకునే చోట్లు వేరువేరట. మార్ఫిన్ పట్టుకునే మ్యూ అనే చోట హాయి, పెంటాజోసిన్ పట్టుకునే కప్పా అనే చోట దిగులు, భయం. నొప్పి మాత్రం రెండు చోట్లా తగ్గుతుందట.

మరి నిన్న నన్ను క్షమించింది అన్నేనా, మందా? ఈరోజు చంపుతాడని అరిచింది ఎవరు? ఏ మందూ లేనప్పుడు అడుగుదామంటే, అప్పుడు నొప్పే జవాబు చెబుతుంది. రేపు ఇంజెక్షన్‌కు ముందు వెళ్లాలా, తర్వాత వెళ్లాలా?