వైర్‌లెస్ అందని వారం

బుధవారం, జూన్ 12, మధ్యాహ్నం
లిఫ్టు మోటారు గది, తొమ్మిదో అంతస్తు పైన

బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మర్యాద అయిపోయింది. నిజానికి ఇక్కడ క్షేమం సగమే. మీ అక్క శనివారం నుంచి సరిగ్గా తినడం లేదు.

ఫోను పెట్టుకుని కాగితమేమిటి బావా అంటావు. ఇంట్లోంచి మాట్లాడితే మీ అక్క పక్కనే ఉంటుంది. బయటినుంచి మాట్లాడితే నువ్వు సగంలో నవ్వి, అవన్నీ సరే, ముందు నేను చెప్పిన కమాండు కొట్టించు అంటావు. కాగితమైతే నా మాట చివరిదాకా వినక తప్పదు. మీ ఊరి బస్సు నడిపే డ్రైవరు నాకు తెలిసినవాడే. ఆరు గంటల బస్సుకి ఈ కవరు ఇస్తే రాత్రికి నీ చేతిలో పెడతాడు.

సంగతి నీకు తెలిసిందే, ఆ పాత ల్యాప్‌టాప్. నువ్వు విండోస్ తీసేసి లినక్స్ వేసి, ఇంక పదేళ్లు ఢోకా లేదక్కా అని చెప్పి ఇచ్చినది. మూడేళ్లు బుద్ధిగా నడిచింది, దాన్ని అనకూడదు. శనివారం పొద్దున్న తెరిస్తే మూలన వైర్‌లెస్ గుర్తే లేదు. మాది సరే, రోజూ కనబడే పక్కింటివాళ్లది, పైవాళ్లది కూడా మాయం. ఆ గదిలో గాలే ఆడనట్టు కూర్చుంది మీ అక్క.

శుక్రవారం పదకొండింటికి దత్తత సంస్థవాళ్లు మా ఇద్దరితో వీడియోలో మాట్లాడాలి. వాళ్ల లింకు కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది, ఫోన్లో కుదరదు. ఇల్లు కూడా చూపించాలి కాబట్టి నెట్ సెంటరుకి పోయే దారి లేదు. నాలుగేళ్లు ఎదురుచూశాక ఒక పాప వివరాలు పంపారు. ఆరేళ్లు. ఫొటో లేదు, ఒకే ఒక పేజీ. పాలమీద మీగడ కనబడితే గ్లాసు తోసేస్తుందట. ఎవరైనా గట్టిగా మాట్లాడితే బల్ల కింద దూరుతుందట. లిఫ్టంటే భయమట, ఎన్ని అంతస్తులైనా మెట్లే ఎక్కుతుందట. లిఫ్టు మెకానిక్కు ఇంటికి లిఫ్టెక్కని పిల్లా అని మీ అక్క పడీపడీ నవ్వింది. ఆ పేజీని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మంచినీళ్లకి వెళ్లినా అదే కనబడుతుంది.

మార్చిలో ఒకసారి పిలిచారు, నీకు గుర్తుందిగా. ఆరో అంతస్తుకీ ఏడుకీ మధ్య ఇద్దరు ముసలమ్మలు ఇరుక్కుపోతే వాళ్లను బయటికి తీస్తూ నేను సమయానికి అందలేదు. అది నిజంగానే జరిగింది. రెండోసారి కూడా రాకపోతే మా ఫైలు అట్టడుగుకి పోతుంది, పాప వివరాలు వరసలో తర్వాతివాళ్లకు వెళతాయి. ఆ సంస్థ ఆవిడ ఈ మాటను ఎంతో మర్యాదగా చెప్పింది. ఫోను పెట్టేశాక మీ అక్క ఫ్రిజ్ దగ్గరికెళ్లి ఆ పేజీ మళ్లీ చదివింది.

శనివారం నువ్వు చెప్పినవన్నీ చేసింది. కుడిపక్క అంచున గోరంత మీట ఉంటే ఇటూ అటూ జరిపింది. అడ్డుపడ్డవేమైనా ఉన్నాయేమో చూసే కమాండు కొట్టింది. బ్లూటూత్ ఒక్కటే కనబడింది, దానికీ అడ్డేం లేదు. లోపలి భాగాల జాబితా తీస్తే వైర్‌లెస్ కార్డు పేరు చక్కగా ఉంది. కార్డు చావలేదక్కా, దాన్ని నడిపే డ్రైవరే లేవడం లేదు అన్నావు నువ్వు. మా భాషలో చెప్పాలంటే మోటారుంది, కరెంటుంది, మధ్యలో ఆ రెంటినీ కలిపే కాంటాక్టరు స్విచ్చి పడటం లేదు. అప్‌డేటేదో వచ్చి చెడగొట్టిందేమో అన్నాను నేను. అప్‌డేటుకు ముందున్న పాత కెర్నల్‌తో లేపి చూడమన్నావు. లేపింది. అదే మొహం.

ఆదివారం సాయంత్రం ఇంకో దారి చెప్పావు. మనకు అక్కర్లేని డ్రైవర్లను లేవకుండా ఆపే ఫైళ్ల ఫోల్డరొకటి ఉంటుందట. ఎప్పుడో ఈ ల్యాప్‌టాప్ ప్రతి చిన్న తప్పుకీ బీప్ బీప్‌మని అరుస్తుంటే నువ్వే అక్కడ ఒక లైను రాసి దాని నోరు మూయించావట. అందులో ఇంకేమైనా పడిందేమో చూడమన్నావు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఫోను స్పీకర్లో ఉంది. మీ అక్క ఫైలు తెరిచింది, కీల చప్పుడు ఆగిపోయింది. నువ్వు అక్కా, అక్కా అని రెండుసార్లు పిలిచావు. ఆ బీప్ లైనొక్కటే ఉందిరా, ఇంకేం లేదు అంది. నా చేతిలో గిన్నె జారి సింకులో పడింది. ఏమైంది బావా అని నువ్వడిగావు, సబ్బు అన్నాను.

సోమవారం ఫోను నుంచి వైరు పెట్టి నెట్ ఇవ్వమన్నావు. మీ అక్క ఫోను చార్జింగు రంధ్రం ఎంత వదులంటే, కింద అగ్గిపెట్టె పెట్టి ఎత్తితే గానీ కరెంటే ఎక్కదు, ఇక నెట్ ఎక్కడ ఎక్కుతుంది. నాది బటన్ల డబ్బా ఫోను. గోడ మీది నెట్ డబ్బా నుంచి తీగ లాగి ల్యాప్‌టాప్‌కి గుచ్చుదామంటే ఆ రంధ్రం కిందటేడు పిడుగుకే కాలిపోయింది. అన్ని దారులూ మూసుకున్నాయి. మీ అక్క మాత్రం ప్రెస్సులో ప్రూఫులు దిద్ది వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చుంటోంది. నేను ఎదురు కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తాను. ఒక్క అక్షరం ఎక్కదు.

నిన్న ఇంకో వింత. ఎదురింటి టీచరమ్మ శుక్రవారం తన ల్యాప్‌టాప్ ఇస్తాను తీసుకెళ్లు అంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టే కదా. మీ అక్క వద్దంది. ఎందుకు వద్దన్నావని అడిగితే, మన ఇంట్లోదే పనిచెయ్యాలి అంది, నా మొహం చూడకుండా. మొండితనంలో నువ్వూ ఆమే ఒక్కటే.

ఇవాళ పొద్దున్న నేను పనికి బయల్దేరుతుంటే శుక్రవారం వేసుకోవాల్సిన నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టి, నాకేమైనా చెప్పాలా అని అడిగింది. కొత్త గ్రీజు డబ్బా కొనాలి అన్నాను. సరే అని మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది. కాలరు మీద పెట్టె చాలాసేపు ఉంచింది, కాలిపోతుందేమో అనుకున్నాను.

అందుకే రాస్తున్నాను. రేపు సాయంత్రం సెలవు పెట్టుకుని వచ్చి నువ్వే స్వయంగా చూస్తానన్నావట. వద్దు. నీ సెలవు నీకుండనీ. వచ్చినా ఆ ముసలి మిషనుతో నువ్వు మాత్రం ఏం చేస్తావు. వాళ్లను బతిమాలితే ఇంకో తేదీ ఇస్తారేమో. ఇవ్వకపోతే మాకు రాసిపెట్టి లేదనుకోవాలి. మీ అక్కకు నేను నచ్చజెబుతాను. నేను రావద్దన్నానని మాత్రం ఆమెకు చెప్పకు.

పిల్లలకు నా ముద్దులు. చెల్లాయికి చెప్పు, అడిగానని.

ఇట్లు,
నీ బాగు కోరే
మీ బావ

తా.క.
ఇంట్లో, అదే రోజు రాత్రి, తొమ్మిది

కవరు పంపనిది బస్సు దొరకక కాదు. బస్టాండులోనే ఉంది, డ్రైవరు చెయ్యి కూడా చాపాడు. నేనే రేపు పొద్దున్న బస్సుకిస్తానని చెప్పి వెనక్కొచ్చేశాను. రాసిపెట్టి లేదు అని నీకు రాశాను చూడు, ఆ మాట కవరు ఇవ్వనివ్వలేదు. రాసింది నేనేగా.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపితే మళ్లీ మంచివాణ్ణి అయిపోతాను. అందుకే ఉంచాను, చదువుకో.

ల్యాప్‌టాప్‌లో ఆ వైర్‌లెస్ డ్రైవరును ఆపింది నేనే. కిందటి శుక్రవారం నాకు సెలవు, మీ అక్క ప్రెస్సులో ఉంది. ల్యాప్‌టాప్ సంచీలో నువ్వు రాసిచ్చిన కాగితం ఉంది కదా, బీప్‌ను ఎలా ఆపాలో, పాస్‌వర్డుతో సహా. కార్డు డ్రైవరు పేరు కూడా అందులోనే ఉంది. చూసుకుంటూ ఒక్కో అక్షరం కొట్టి, నీ లైను కింద అదే పద్ధతిలో ఇంకో రెండు లైన్లు రాశాను. మా పనిలో లిఫ్టు గోతిలోకి దిగేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాం, పైన ఎవరు ఏ బటను నొక్కినా కదలకుండా. అలా పీకేశాను. ఈ శుక్రవారం దాటాక గుట్టుగా పెట్టేద్దామనుకున్నాను.

ఎందుకంటే, నన్నూ ఆరేళ్లప్పుడు ఒకరు పెంచుకుంటామని తీసుకెళ్లారు. మా అమ్మ చనిపోయిన ఏడాది. ఎనిమిది నెలలు ఉంచుకున్నారు. చెప్పిన మాట వినడం లేదని, రాత్రిళ్లు పక్క తడుపుతున్నానని, ఒకరోజు కొత్త చొక్కా తొడిగి మా బాబాయి ఇంటి గుమ్మంలో దించేసి వెళ్లిపోయారు. నా పాత బట్టలు చక్కగా మడతపెట్టి సంచీలో పెట్టారు. ఈ సంగతి పద్ధెనిమిదేళ్ల కాపురంలో మీ అక్కకు చెప్పలేదు. ఆ ఫ్రిజ్ మీది పేజీలో చివర ఒక మాటుంది, నువ్వు చూసి ఉండవు. ఈ పాప ఇంతకుముందు ఒక ఇంటికి వెళ్లి తిరిగి వచ్చింది అని. మీ అక్క అది చదివి ఏడ్చింది. నేను చదివి చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాను. కోపమొస్తే నా గొంతు ఎలా లేస్తుందో నీకు తెలుసు. బల్ల కింద దూరే పిల్లను తెచ్చుకుని, ఆర్నెల్లకు విసిగిపోయి, నేనే సంచీ సర్దితే? అసలు ఇంటికి రాకపోతే దించేసే పని ఉండదు కదా అనుకున్నాను. పిరికివాడి లెక్క అది.

ఇవాళ ఇంటికి వచ్చేసరికి మీ అక్క మెట్ల దగ్గర టీచరమ్మతో మాట్లాడుతోంది. ఆమె లోపలికి వచ్చేలోగా నా లైన్లు తీసేద్దామని గబగబా ఫైలు తెరిచాను. రెండూ ఉన్నాయి. వాటి కింద మూడోది ఒకటి ఉంది, తెలుగులో. ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు పెడితే మిషను ఆ లైను జోలికి పోదు, అది మనుషులు చదువుకోవడానికి అని నీ కాగితంలోనే రాశావు. ఫైలు చివరిసారి మార్చింది ఆదివారం సాయంత్రమని చూపిస్తోంది, నీతో ఫోను మాట్లాడి పెట్టేసిన పావుగంటకి.

ఇది నేను తియ్యను, మీరే తియ్యాలి. భయంగా ఉంటే చెప్పండి, నాకూ భయంగానే ఉంది.

అంతే రాసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ప్రూఫులు దిద్దే మనిషి పట్టేసింది. పట్టుకుని, నీతోనూ అబద్ధమాడి, టీచరమ్మ ల్యాప్‌టాప్ కూడా వద్దని, మూడు రోజులుగా నా ఎదురుగా కూర్చుని ఉత్తుత్తి కమాండ్లు కొడుతూ నా కోసం ఆగింది. పాప చేజారిపోతుందని తెలిసి కూడా ఆగింది. సిగ్గుతో చచ్చిపోయాను, బావమరిదీ.

నా రెండు లైన్లు తీసేశాను. ఆమెది ఉంచాను. ఆపి మళ్లీ ఆన్ చేస్తే నెట్‌వర్కులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అప్పుడే లోపలికి వచ్చింది. తెర చూసింది, నన్ను చూసింది, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆ ఎనిమిది నెలలూ చెప్పాను, సంచీతో సహా. అంతా అయ్యాక, ఆ కొత్త చొక్కా ఏ రంగు అని అడిగింది. నలభై రెండేళ్లలో నన్నెవరూ అడగని సంగతి అది. నీలం మీద తెల్ల గళ్లు అని చెప్పాను.

శుక్రవారం వాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారట, పిల్లను తిరిగి పంపెయ్యాలనిపిస్తే ఏం చేస్తారని. దానికి జవాబు నేను చెబుతానని మీ అక్కతో అన్నాను. మిషను బాగైంది, అయినా మా పక్కన ఉండటానికి నువ్వు గురువారం సాయంత్రం బస్సెక్కి రా.