దసరాకి వేయించిన కొత్త విండోస్

బండారులంక,
19-10-2003, ఆదివారం.

చిరంజీవి హరిబాబుకి మేనమామ రాజరత్నం దీవించి రాయించేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ బాగున్నావని మీ అమ్మ చెబితే విన్నాను. నీ నోటితో విని మూడేళ్ళయింది. నాకు నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాయడమే గాని ఉత్తరం రాసేంత చదువు లేదు కదా, కోడలు లోవలక్ష్మి చేత రాయిస్తున్నాను. తిట్లు రాయనని ముందే చెప్పింది. అందుకే ఈ ఉత్తరం కాస్త చప్పగా ఉంటుంది.

సంగతేంటంటే, చీర అంచులు గళ్ళల్లో గీయడానికి నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం ఆగిపోయింది. దసరాకి మగ్గాల పాత తాళ్ళు విప్పేసి కొత్తవి కడతాం కదా. అన్నిటికీ కట్టి కంప్యూటర్ని వదిలెయ్యడమేంటని దానికీ కొత్తది వేయించాను. అమలాపురం నుంచి అశోక్ అనే కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. విండోస్ తొంభై ఎనిమిది తీసి ఎక్స్‌పీ వేస్తానన్నాడు. పాతది కూడా ఓ పక్కన ఉంచమంటారా అండీ అని అడిగాడు. మగ్గానికి పాత తాడు ముక్క వేలాడితే కొత్త నేతకి దోషం, మొత్తం ఊడదీసెయ్యమన్నాను. నా అంచులూ నీ ప్రోగ్రామూ ఫ్లాపీల్లో ఉన్నాయి కదా అని నా ధైర్యం.

ఫ్లాపీల్లోంచి మళ్ళీ ఎక్కించాడు. నొక్కితే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, రెప్పపాటులో మూసుకుపోతోంది. ఇరవైసార్లు నొక్కాను. ఇరవైసార్లూ మొహం మీదే తలుపేసింది.

మర్నాడు అశోక్ మళ్ళీ వచ్చి ఏదో మార్చి, ఇది ఇంకా తొంభై ఎనిమిదే అని ప్రోగ్రాంని నమ్మిస్తున్నానండీ అన్నాడు. అబద్ధమాడి పని చేయించుకునే ఖర్మేంటయ్యా అన్నాను. ఆ అబద్ధానికి తెరుచుకుంది. హంస అంచు తీశాను. ఎర్రంచు పచ్చగా ఉంది, హంసకి మెడ లేదు. ఒక్క గడి మార్చానో లేదో బిగుసుకుపోయింది. తర్వాత రంగులు తగ్గించాడు, ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాడు, దణ్ణం కూడా పెట్టాడు. నాలుగో రోజున చేతులెత్తేసి, ఇది రాసినాయన్నే పిలవండి, లోపల మార్చడం ఆయనకే తెలుస్తుందండీ అన్నాడు. పోనీ పాత విండోసే పెట్టవయ్యా అంటే ఆ డిస్కు పారేశాడట. ఈ రోజుల్లో అదెవరు వాడుతున్నారండీ అని నన్నే ఎదురడిగాడు. వాణ్ణి నేనేమన్నానో లోవలక్ష్మి రాయనంటోంది.

కార్తీకం ఆఖరి సోమవారం పట్టిసీమలో అమ్మవారికి మన మగ్గం చీర ఇవ్వాలని నీకు తెలుసు. ఏటా కొత్త అంచు. ముప్పై ఒక్కేళ్ళుగా తప్పలేదు. నేతకే ఇరవై రోజులు పడుతుంది. ఇప్పటికి అంచులో ఒక్క గడీ నిండలేదు. పడుగు కట్టిన మగ్గం ఊరికే కూర్చుంది. దాని ముందు మన నేత మనిషి పాపాయి కూర్చుంది. నిన్న అది, కంప్యూటర్ పుట్టకముందు అంచులు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా బాబాయ్, గళ్ళ కాగితం తీసి గియ్యండి అంది. నీ పని నువ్వు చూసుకోవే అన్నాను. పనేదీ, మీరిస్తే కదా అంది. నేను గియ్యలేక కాదు. అలవాటు తప్పింది, అంతే. అంతకంటే ఏం లేదు.

మూడేళ్ళ కిందట నువ్వీ ప్రోగ్రాం తెచ్చినప్పుడు చేనేత సొసైటీ ఆఫీసులో పదిమంది ముందు నిన్ను అన్న మాట మర్చిపోలేదు. గీత రానివాడే మీట నొక్కుతాడన్నాను. మగ్గం మీద నాడె పట్టలేక మీ నాన్న సోడాబండి పెట్టుకున్నాడని కూడా అన్నాను. నువ్వు ప్రోగ్రాం మా ఇంట్లో వదిలేసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయావు. ఆ మాట జనంలో అనకుండా ఉండాల్సింది. ఇంతకంటే కిందికి దిగడం నాకు చేతకాదు.

ఈ వారంలో వచ్చి బాగు చేసి వెళ్ళు. నా కోసం రానక్కర్లేదు, చీర కోసం రా.

ఇట్లు,
నీ మేనమామ
రాజరత్నం

తా.క. ఇది నేనే రాస్తున్నాను. కోడల్ని పోస్టు కవరు తెమ్మని పంపాను. గళ్ళ కాగితం మీద గళ్ళు నాకు కనపడటం లేదురా. రెండేళ్ళయింది. కంటి నరం ఎండిపోతోంది, అద్దాలు పెట్టినా లాభం లేదని కాకినాడలో డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఎవరికీ తెలీదు. నువ్వు చేసినదాంట్లో ఒక్కో గడినీ బొటనవేలంత చేసుకుని గీస్తున్నాను. పోయినేడు అమ్మవారి చీర చూసి ముసలాడి చెయ్యి ఇంకా తప్పలేదని ఊరంతా మెచ్చుకుంది. అది నీ పుణ్యమే. అది ఆగితే నా పనీ ఆగినట్టే. పగటి పూటే రా. పొద్దు వాలితే నీ మొహం కూడా నాకు సరిగ్గా ఆనదు.