ఏ వీధి గాలిలో సున్నా

ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున్నే ఆశ్చర్యం. ల్యాబ్ సార్ గ్యాస్ మిషన్ నా చేతికే ఇచ్చారు! పాలిటెక్నిక్‌లో ఇంతవరకూ ఎవరికీ ఇవ్వనిది. "మీ మామ వాళ్ల ఊళ్లో గోబర్ గ్యాస్ గుంత ఉందన్నావు కదా, కొలుచుకొని రా. మంచి గాలిలో సున్నా చెయ్యడం మాత్రం మరిచిపోవద్దు" అని చెప్పి, ఆయన పులివెందుల బస్సెక్కారు. అక్కడా ఒక ప్లాంటు చూడాలట.

ఇటుకంత పెట్టె. ఒక సన్న గొట్టం. మీథేన్‌ను వెలుతురుతో కొలుస్తుంది. ఆక్సిజన్‌కూ, కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ విషపు గ్యాస్‌కూ వేరే సెన్సార్లు. పలచని పొరలోంచి గ్యాస్ లోపలికి ఇంకుతుంది... ఎలక్ట్రోడ్ దగ్గర రసాయన చర్య... చీమ పాకినంత కరెంటు. గ్యాస్ పెరిగితే కరెంటూ పెరుగుతుంది. తెర మీద కనిపించే అంకె అదే. కొలిచే ముందు మంచి గాలిలో మీట నొక్కి దాన్ని సున్నాకు తేవాలి.

ఆ ఎలక్ట్రోడ్లు నానే ద్రవం పేరు విద్యుద్విశ్లేష్యం. ప్రొద్దుటూరు బజారంతా ఈ మాటను చప్పరిస్తూ నడిచాను. బెల్లం ముక్కలా, తొందరగా కరగదు.

ఫిబ్రవరి 4, బుధవారం. జమ్మలమడుగు దాటి, మామ ఊళ్లో

నారాయణ మామ అప్పటికే గుంత మూత తీయించాడు. మామ వాళ్ల కింద వీధి పొయ్యిలన్నిటికీ ఆ గ్యాసే, ఇప్పుడు రావడం లేదు. అడుగున పేడ గట్టిపడింది. తోడే ఇంజను పై వీధి వాళ్ల దగ్గర ఉంది. ఎన్నికల గొడవల నుంచీ ఈ వీధి మనిషి ఆ వీధిలో అడుగు పెట్టడు, ఆ వీధి మనిషి ఈ వీధిలో పెట్టడు. ఇంజను అడగడం ఎక్కడిది? శనివారం పొద్దున తనే దిగి తవ్వుతాడట.

సున్నా చెయ్యాలి. గాలి పై వీధి నుంచి వీస్తోంది. అటు కదిలాను.

"ఏయ్ పాపా, యాడికి పోతాండావు? ఆ పక్క అడుగు పెడితే నా మీద ఒట్టే!"

"మామా, ఆడైతే మంచి గాలి..."

"గాలికి గూడా పార్టీ ఉందా మే? ఈడనే చెయ్!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మూత పక్కనే నిలబడి మీట నొక్కాను. తర్వాత గొట్టాన్ని లోపలికి చేతి పొడవున దించాను — సున్నా. మొదట్లో ముక్కు బద్దలయ్యే వాసన. కాసేపటికి అదీ లేదు.

"చూసినారా? మా పాప మిషన్ పెట్టి చూసింది. లోపల ఏం ల్యా!" మామ మీసం దువ్వుకున్నాడు. ఎంత గర్వమో నా మీద.

కళ్లు మండుతున్నాయి. ఎండకేమో.

ఫిబ్రవరి 5, గురువారం

ప్రొద్దుటూరు వచ్చేశాను. తలనొప్పి తగ్గలేదు. సున్నా... ఎంత గుండ్రని, ఎంత నిశ్చింత అయిన మాట.

ఫిబ్రవరి 6, శుక్రవారం

సార్ పులివెందుల నుంచి వచ్చారు. ఉత్సాహంగా అంకె చెప్పాను. ఆయన నవ్వలేదు.

"సున్నా ఎక్కడ చేశావ్?"

"గుంత పక్కనే, సార్."

కుర్చీలోంచి లేచారు. "ఆన్ చేసిన చోట ఏ గాలి ఉంటే అదే మంచి గాలి అని నమ్ముతుందమ్మా ఆ మిషన్. విషంలో నిలబడి నొక్కితే విషమే సున్నా."

"కానీ వాసన కూడా పోయింది, సార్..."

"పోయింది గ్యాస్ కాదు, నీ ముక్కు. పేడ కదిలిస్తే అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది. ఆయన్ను దిగనివ్వొద్దు!"

ఫోను బూత్‌కు పరుగు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ఫోను — పై వీధి పెద్దాయన ఇంట్లో. వాళ్ల అవ్వ ఎత్తింది.

"ఎవురు?"

"కింద వీధి నారాయణ మేనకోడల్ని, అవ్వా. మామను రేపు గుంతలోకి దిగొద్దని చెప్పాల..."

"మావోళ్లు ఆ వీధికి పోరు మే. పోతే తలకాయలు లేచ్చాయి."

"సచ్చిపోతాడవ్వా!"

"మా ఇంట్లో నుంచి కబురు పోయిందంటే, రేపు దిగేటోడు ఈ పొద్దే దిగుతాడు. వాని సంగతి నీకు తెల్దా?"

తెలుసు. ఫోను పట్టుకునే ఏడ్చేశాను.

"ఏడవాకు. నువ్వే రా. మా అరుగు మీద నిలబడుకొని ఏం చేసుకుంటావో చేసుకో. ఎవురేమంటారో నేను చూచ్చా."

ఈ సాయంత్రం బస్సు లేదు. గొడవలు మొదలైనప్పటి నుంచీ పొద్దుగూకితే ఆ ఊరికి బస్సు తిప్పడం లేదు.

రేపు తొలి బస్సు. మిషన్ ఆపేసి, ఒళ్లో పెట్టుకోవాలి. దిగేది పై వీధిలోనే. అవ్వ అరుగెక్కి, గాలికి ఎదురుగా, గుంత దగ్గరున్న మామకు కనిపించేట్టు నిలబడి మీట నొక్కాలి. తన కళ్లతో చూడకపోతే నమ్మడు. సున్నా వచ్చాక మిషన్ ఆపకుండా కిందికి రావాలి. గొట్టం లోపలికి వదలాలి, అంకె పైకి చదవాలి. ఆ ఇంటి అరుగు మీద చేసిన సున్నాను మామ ఒప్పుకుంటాడా... ఒట్టు తప్పినందుకు నా మొహమైనా చూస్తాడా...

ఎండ రాకముందే దిగుతానన్నాడు. తొలి బస్సు ఎండతో పాటే ఊరు చేరుతుంది. బస్సు దిగగానే పరుగెత్తాలి. అరుగు మీద మాత్రం ఆగాలి.