హోరు పెట్టే సైలెన్సర్

మార్చి 4
చెవుల డాక్టరమ్మ కాగితం మీద నా వినికిడి గీత చూపించింది. ఎడమవైపు బాగానే నడిచి, కుడివైపు కొండ దిగినట్టు జారిపోయింది. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. బొంగురువి ఇంకొంతకాలం ఉంటాయట. ఎంతకాలం అంటే చెప్పలేనంది. బయటికొచ్చి కార్లో కూర్చున్నాను. స్టార్ట్ చేయలేదు.

మా ఆయనకి చెప్పలేదు.

మార్చి 9
కారు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. వారమంతా డ్రైవింగ్ స్కూలు బండ్లలో కొత్తవాళ్లకి నేర్పుతూ పక్కన కూర్చుంటాను. ఈ రెండు డోర్ల టర్బో మాత్రం ఆదివారాలది, నా ఒక్కదానిది. మళ్లీ కంపెనీదే వేయించబుద్ధి కాలేదు. దీనికి నాకు నచ్చిన గొంతు పెట్టిస్తాను. నా చెవులకి సైలెన్సర్ దానంతటదే ఫిట్ అవుతోంది కదా. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మార్చి 16, ఉదయం 10
మెకానిక్ షెడ్డు. వెల్డింగ్ బాబాయి బల్ల మీద మూడు సైలెన్సర్లు పెట్టాడు. ఒకటి తిన్నటి పైపు, పవర్ బాగుంటుంది, కానీ అరుస్తుంది. రెండోది బుద్ధిమంతురాలు. మూడోదాని లోపల గదులున్నాయి. బయటికి చప్పుడు తక్కువే, కానీ రెండువేల ఐదొందల ఆర్‌పీఎం దగ్గర కారు లోపల ఒకటే హోరు. తలనొప్పని అందరూ తిరిగి తెచ్చి పడేస్తారు, అది మాత్రం వద్దమ్మా అన్నాడు.

మొదటిది బిగించి ఇంజన్ ఆన్ చేశాడు. జాయింట్ దగ్గర ఈల వినపడుతోందా అన్నాడు. ఆఁ అన్నాను. బోల్టు తిప్పి, ఆగిందా అన్నాడు. ఆగిందన్నాను.

ఆగలేదట.

నా మొహంలోకి చూశాడు. వద్దన్న మూడోదే బిగించి, లోపల కూర్చో తల్లీ అన్నాడు.

రెండువేల ఐదొందలు. ముందు సీటు, తర్వాత నడుము, తర్వాత పళ్లు. చెవులతో పని లేదు. నిండు గర్భంలో బిడ్డకి తల్లి గొంతు ఇలాగే తెలుస్తుందేమో. కళ్లు మూసుకుంటే కారు లేదు, షెడ్డు లేదు, పెద్ద వెచ్చటి మాటేదో నన్ను ఎత్తుకుని నిలబడింది. ఎంతసేపో తెలియదు. బాబాయి అద్దం మీద తట్టాడు.

ఇదే కావాలన్నాను.

మార్చి 23
మా ఆయన మూడు రోజులుగా మాట్లాడటం లేదు. మాట్లాడుతున్నాడేమో కూడా.

ఏప్రిల్ 6, సాయంత్రం 5
ఇవాళ నాతో వస్తానన్నాడు. ఆశ్చర్యపోయాను. ఊరు దాటాక హోరు మొదలైంది. ఎండ పల్చగా ఉంది, రోడ్డు ఎవరో నిద్రలో గీసినట్టుంది. ఆయన ఏదో అన్నాడు. నేను నవ్వాను. మళ్లీ అన్నాడు. మళ్లీ నవ్వాను. అప్పుడు నా భుజం పట్టి అరిచాడు, ఈ మోతలో ఒక్క ముక్క వినపడి చావట్లేదు, ఎలా భరిస్తున్నావు అని.

నాకు ఏడాదిగా ఇంతే అన్నాను.

బండి పక్కకి ఆపి మొత్తం చెప్పాను. కాగితం, కొండ, ఈల. ఆయనేమో నేను తనతో విసిగిపోయాననుకున్నాడట. పిలిస్తే పలకడం లేదంటే తన మొహం చూడటం ఇష్టం లేక అనుకున్నాడట. వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోదామని బట్టలు కూడా సర్దుకున్నాడట. ఈ మాట చెప్పడానికే వచ్చాడు ఇవాళ.

పిచ్చిదానా అన్నాడు. అది పెదాల మీద చదివాను.

తర్వాత మళ్లీ స్టార్ట్ చెయ్యి, అదే స్పీడులో పోనియ్యి అన్నాడు. డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. పోను పోను ఆయన కూడా కళ్లు మూసుకున్నాడు.

ఏప్రిల్ 14
కారు సౌండ్ టెస్ట్ పాసయింది. నా చెవుల సంగతి స్కూలు ఓనరమ్మకి కూడా చెప్పేశాను. ఇక రోడ్డు మీద పాఠాలు వద్దంది, థియరీ క్లాసులు చూసుకోమంది. న్యాయమే. అయినా బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఏప్రిల్ 20
ఇంట్లో ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఇన్నేళ్లలో ఆయన మొహం ఇంతగా ఎప్పుడూ చూడలేదు.

మే 2
కలలో వాన పడింది. చప్పుడుతో సహా. పొద్దున ఆయనకి చెబితే, ఎలా పడిందో చూపించమని వీపు తిప్పాడు. వేళ్లతో చూపించాను.